పాలు పోసుకున్న కంకి

"ఇది గొడ్డుదా అమ్మా? మంచిగ చూసి చెప్పు."

పొలం బురద కాళ్లతోనే గడప దాటి, సుస్మిత పిడికెడు వరికంకులు తెచ్చి తండ్రి కంచం పక్కన కుమ్మరించింది. ప్రతి కంకికీ తెల్లటి కాగితపు సంచి తొడిగి ఉంది. సంచి మూతికి ఆమె తన చేత్తో కట్టిన దారం కట్టినది కట్టినట్టే ఉంది. ముడి విడలేదు. విడింది నమ్మకం.

జలపతి చేతిలోని ముద్ద నోటికీ కంచానికీ నడుమ ఆగిపోయింది. పచ్చిపులుసు వేళ్ల సందుల్లోంచి మోచేతి దాకా కారింది. 

తల్లి కిష్టవ్వ బీడీల చాటలోంచి తల ఎత్తలేదు.

"సదువుకున్నదానివి నువ్వు. నన్నడిగితె నాకేమెరుక?"

"సదువుకున్నందుకే గద మోసపోయిన."

సుస్మిత ఒక సంచి చింపింది. పచ్చి గింజ తెంపి రెండు గోళ్ల నడుమ నొక్కింది. తెల్లటి పాలు చిమ్మి గోటి మీద చుక్కలా నిలిచాయి.

"పూతకు ముందుగాలనే సంచి కట్టిన. బయటి పుప్పొడి లోపలికి పోయే సందు లేదు. దీని పుప్పొడి చచ్చిందే అయితే కంకి మొత్తం గింజ లేని పొల్లు కావాలె. మరి పాలెట్ల పోసుకున్నయి?"

 స్తంభానికి ఆనుకుని బీడీలు చుడుతున్న వదిన గీత ఆ గోటి మీది చుక్కనే చూస్తూ ఉండిపోయింది. వాకిట్లో ట్రాలీ ఆటో అద్దం తుడుస్తున్న అన్న సతీశ్ తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. అద్దం మెరిసింది గానీ మొహం మెరవలేదు.

మేడిపల్లి చుట్టుపక్కల ఆడ-మగ వరి తెలియని మనిషి లేడు. ఆడ సాళ్లలో పుప్పొడి చచ్చి ఉంటుంది. పక్కన మగ సాళ్లు ఉంటాయి. పూత విచ్చుకునే వేళకు చెరో గట్టున నిలబడి తాడు లాగితే మగ కంకులు ఊగి, పొడి రాలి, ఆడ కంకులు గింజ కడతాయి. లోకమంతా తాడు కట్టి కాపురం పెట్టిస్తుంది. ఇక్కడ తాడు లాగి పెట్టిస్తారు.

ఆ ఆడ మొక్క పుప్పొడి ఎందుకు చస్తుందన్నదే సుస్మిత చదువు. పుప్పొడి రేణువు లోపల యాక్టిన్ అనే ప్రొటీను సన్నటి దారాలుగా అల్లుకుంటుంది, సిరిసిల్ల మగ్గం మీది పడుగులా. ఆ దారాలుంటేనే రేణువు మొలకెత్తి, గొట్టంలా సాగి, అండం దాకా చేరుతుంది. మొక్కలో యాక్టిన్ జీన్లు చాలానే ఉంటాయి. కొన్ని ఆకులో పనిచేస్తాయి, కొన్ని వేరులో. కొన్ని మాత్రం పుప్పొడి ముదిరే వేళకే నిద్ర లేస్తాయి. మరి చచ్చే పుప్పొడిలో అవి లేస్తాయా?

సుస్మిత మడిలో లేచాయి. లేవకూడనివి లేచి కూర్చున్నాయని ఆమె ఎగిరి గంతేసింది. జగిత్యాల కాలేజీలో ఆమె పరిశోధన చూసే సంధ్యారాణి మేడం కూడా సంబరపడి, సోమవారం పెద్దసార్ల ముందు మాట్లాడటానికి ఆమె పేరు పెట్టింది.

నిన్న మేడం తన దగ్గరి మొక్కల్లో అదే జీనును చూసింది. అది గాఢనిద్రలో ఉంది. వెంటనే ఫోన్ చేసింది. "సుస్మితా, నమూనాలు కలిసిపోయాయా? నువ్వే కలిపావా? రేపు పొద్దున మళ్లీ చేస్తాను. జవాబు లేకపోతే సోమవారం రాకు. ఆ తర్వాత కూడా రానక్కర్లేదు."

ఆ మాటతో నిద్ర లేని కళ్లు వేసుకుని పొద్దున్నే మడికి వెళ్లి కొన్ని సంచులు విప్పి చూసి, మిగిలినవి కట్టు విప్పకుండానే కోసింది సుస్మిత. చచ్చినవి అనుకున్న మొక్కలు నిక్షేపంగా పాలు పోసుకుని ఉన్నాయి. అంటే అవి ఆ మొక్కలే కావు. ప్రతి ఆడ రకానికీ అచ్చం దానిలాగే ఉండే తోడు రకం ఒకటుంటుంది. ఆకు అదే, కాండం అదే, ఎత్తూ అదే. దాని పుప్పొడి మాత్రం బతికి ఉంటుంది. సుస్మిత రెండు నార్లూ పోసింది. ఆడ నారుకు ఎర్రగుడ్డ, తోడు నారుకు పచ్చగుడ్డ. రెండు మడుల్లోనూ ఎవరో పచ్చగుడ్డ నారే నాటారు.

నమూనా తీసేటప్పుడే రేణువును గాజుపలక మీద నలిపి ఒక అయోడిన్ చుక్క వేస్తే తెలిసిపోయేది. బతికినదైతే నల్లబడుతుంది, చచ్చినదైతే పాలిపోతుంది. సుస్మిత ఆ చుక్క వేయలేదు. సొంత మడి, సొంత బాపు, సొంత అన్న. ఇంటికి పరీక్ష పెట్టడమేమిటనుకుంది. ఇల్లే ఆమెకు పరీక్ష పెట్టింది.

ఆమె చదివింది యాక్టిన్. వీళ్లు నేర్చింది యాక్టింగ్.

"నాటు దినం నేను జగిత్యాల్ల పరీక్ష రాసుకుంట కూసున్న," అంది సుస్మిత. "మీరందరు మడికాడ ఉన్నరు. ఎవరు మార్చిండ్రు?"

"నేనే," అంది కిష్టవ్వ. తునికాకు ముక్కలో తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం బిగించింది. "నేనే మార్పిచ్చిన. అయితే ఏందే? అగ్గిపెట్టంత మడి, పిడికెడు నారు. గంతదానికి ఇల్లు పీకి పందిరేస్తున్నవ్."

"బాపూ, నీకెరుకేనా?"

జలపతి ముద్దను కంచంలో పెట్టేశాడు. "నాటినంక తెలిసింది బిడ్డ."

"నాటినంకనా?" సుస్మిత గొంతు మెత్తబడింది. అరుపు కంటే ఆ మెత్తదనమే ఆయన్ను ఎక్కువ బాధపెట్టింది. "గప్పటిసంది వారం వారం నన్ను బండి మీద కోరుట్ల బస్టాండుకు తోలుకపోయినవు గద. కంకుల థర్మకోల్ డబ్బ ఒళ్లె పెట్టుకుంటె, మెల్లగ పట్టుకో బిడ్డ, ఐసు కరుగుతదన్నవు గద?"

"అవును, అన్న బిడ్డ."

"గా డబ్బల ఏమున్నదో తెలిసే అన్నవా?"

జలపతి కంచంలోకి చూశాడు. అన్నం చల్లారింది.

"నువ్వు అడిగితె చెప్దామనుకున్న బిడ్డ."

"ఏమని అడగాలె? పొద్దుగాల లేచి, బాపూ నాకు ద్రోహం చేసిండ్రా, చాయ్ తాగిండ్రా అని అడగాల్నా?"

"ద్రోహమంటవేందే, ద్రోహం!" కిష్టవ్వ చాటను పక్కకు నెట్టింది. "మొదటి నారు ముడి ఇంటి కోడలే నాటాలె. మా అత్త నాతోని నాటిపిచ్చింది. పసుపు కుంకుమ బెట్టి, కొంగు చెక్కి గీత దిగాలె మడిల. గీత చేతుల గొడ్డు నారు పెడుదునా? పెడితె నాటుకచ్చిన ఆడోళ్లు ఊకుందురా? ఇప్పటికే పెండ్లిల్లకు పోతె బొట్టు పెట్టేటోళ్లు గీత కాడికచ్చేసరికి..."

కిష్టవ్వ నాలుక కరుచుకుంది. గీత చేతిలో కత్తెర ఆకు మధ్యలో ఆగింది.

కోనరావుపేట నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చి, ఏళ్లు గడిచినా కడుపు పండని గీత వినని మాట కాదది. కిష్టవ్వ చెడ్డది కాదు. కోడలి కోసం వేములవాడ రాజన్నకు మొక్కి, కోడలి చేతే కోడె కట్టించింది. కోడె గుడి చుట్టూ తిరిగింది, కోడలు ఆసుపత్రుల చుట్టూ తిరిగింది. కోడెకు గడ్డి దొరికింది, కోడలికి గడ్డి పెట్టినట్టు మాటలు దొరికాయి.

"సరే అమ్మా," సుస్మిత తల్లి ముందు చతికిలబడింది. "సోమవారం నాతోని జగిత్యాలకు రా. మేడం ముందట గిదే ముచ్చట చెప్పు. నారు నేను మార్పిచ్చిన, నా బిడ్డకు తెల్వదని ఒక్క మాట. గంతే."

"నేనా? సార్ల ముందట నా కోడలు ముచ్చట పెట్టాల్నా? సచ్చినా పెట్ట."

"నువ్వు చెప్పకుంటె నేను దొంగనైత. కావాలెనని కలిపిందంటరు. ఇగ ఏ కాలేజీ గడపా తొక్కనియ్యరు."

"పెండ్లి చేస్కో. ఏ గడప తొక్కాలెనో గా గడపే తొక్కుదువు."

సుస్మిత నవ్వింది. ఏడుపుకు ఇంకో పేరుగా వచ్చిన నవ్వు అది.

"అమ్మా, గింత చేసినవు గని, అసలది గొడ్డుదే కాదే! తల్లికి ఏ రోగం లేదు. పక్క మడి పుప్పొడి పడితె మస్తుగ గింజ కడతది. ఖాళీగ ఉన్నది మగ పొడి. పొల్లు మగ దిక్కు, తల్లి దిక్కు కాదు."

కిష్టవ్వ నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది.

"గీ మాట నాకెప్పుడు చెప్పినవే?"

"నీకు చెప్పలే. అన్నకు చెప్పిన. నారుమడి గట్టు మీద కూసొని అన్నీ ఇప్పి చెప్పిన. అన్న నీకు చెప్పలేదా?"

"చెప్పిండు!" అంది కిష్టవ్వ. "అమ్మా, అది గొడ్డు నారట, గీతతోని నాటియ్యద్దు, మంచిది కాదని వాడే చెప్పిండు! మోసుకపోయి మార్చింది గుడ వాడే. నేను ఊ అన్న, గంతే!"

వాకిట్లో అద్దం తుడిచే గుడ్డ ఆగిపోయింది.

జలపతి మెల్లగా తల తిప్పి కొడుకును చూశాడు. ఆయనకు తెలిసిన కథలో ఈ ముక్క లేదు. తనను కూడా మోసం చేశారని మోసంలో భాగస్తుడికి తెలిసినప్పుడు ముఖం ఎలా ఉంటుందో ఆ ముఖం అలాగే ఉంది.

సుస్మిత వాకిట్లోకి నడిచింది.

"అన్నా, నాకు మంచిగ యాదికున్నది. పుప్పొడే పొల్లు, తల్లి మంచిదే అని చెప్తె నువ్వు గట్టు మీదికెల్లి లేచిపోయినవు. ఎండకేమో అనుకున్న. తల్లి గొడ్డుదని అమ్మకు ఎందుకు చెప్పినవు?"

"యాదిమర్చిన. నాకేం సమజైతది నీ సైన్సు?" సతీశ్ ఆటో తలుపు తెరిచి మళ్లీ మూశాడు. "కోరుట్లకు కిరాయి ఉన్నది. పోవాలె."

"నువ్వు షార్జల పని చేసేటప్పుడు మంగళారం ప్రయాణం పెట్టుకుంటె అమ్మ వద్దన్నది. గివన్ని మూఢనమ్మకాలని నవ్వినవు గద అన్నా? మరి గొడ్డు నారు మీద నీకు నమ్మకం ఎప్పుడు మొలిచింది?"

సతీశ్ తాళంచెవి కోసం జేబులు వెతుక్కున్నాడు. తాళంచెవి ఆటోకే ఉంది.

అప్పుడు గీత లేచింది. ఒడిలోని ఆకు ముక్కలు నేల మీద రాలాయి. బీడీలు చుట్టే మనిషి ఆకు కింద పడనివ్వదు. ఆ రోజు పడనిచ్చింది.

"నువ్వు ఆడ ఉండంగ నన్ను సిరిసిల్ల డాక్టరమ్మ కాడికి పంపిచ్చినవు," అంది మొగుడితో. పెద్దగా కాదు. ఇంట్లో పప్పు ఉందో లేదో చెప్పే గొంతుతో. "కరీంనగర్‌కు పంపిచ్చినవు. ప్రతి డాక్టరు మీ ఆయన పరీక్ష ఏదమ్మా అన్నది. ఆయన దుబాయ్ దిక్కున్నడు మేడం, అచ్చినంక చేపిస్త అన్న. అచ్చినవు. చేపిచ్చుకున్నవా?"

"గీత, లోపలికి నడువు. ఇది అందరి ముందట..."

"అందరి ముందట గొడ్డుదన్నప్పుడు లోపలికి నడువలే గద. చేపిచ్చుకున్నవా?"

పక్కింట్లో కుక్కర్ కూత పెట్టింది. అది ఆగే దాకా సతీశ్ ఆగాడు. 

"చేపిచ్చుకున్న," అన్నాడు.

"ఎప్పుడు?"

"షార్జల. రాకముందే."

 కిష్టవ్వ కొడుకును చూసింది, కోడలిని చూసింది, ఇద్దరినీ వదిలి తన రెండు చేతుల్ని చూసుకుంది. రాజన్న ముందు ఆ చేతులు జోడించి ఎవరి కోసం ఏమడిగిందో ఇప్పుడు గుర్తుకొచ్చి ఉంటుంది. దేవుడికి అర్జీ సరిగ్గానే చేరింది. చిరునామాయే తప్పు.

"రాకముందే తెలుసు," గీత ఆ మాటను రుచి చూస్తున్నట్టు అంది. "తెలిసే నన్ను మల్ల సిరిసిల్లకు తోలుకపోయినవు. నా పొట్టకు సూదులు పొడుస్తుంటె బయట బెంచి మీద కూసొని చాయ్ తాగినవు. అచ్చేటప్పుడు బట్టల దుకాణంల చీర కొనిచ్చినవు. పచ్చ రంగు మంచిగున్నదా అని అడిగినవు."

"నేనేం చెయ్యాలె గీత? మగోడు గా మాట ఎట్ల చెప్పుకుంటడు?"

"ఆడిది ఎట్ల మోస్తది?"

సతీశ్ ఆటో చక్రాన్ని చూశాడు. "నారు కాడ సుస్మిత నవ్వుకుంట చెప్తున్నది. మగ పొడే పొల్లు, మగ పొడే పొల్లు అని. గదే ముచ్చట నాటుకచ్చిన ఆడోళ్లకు చెప్తదని తెలుసు. వాళ్లు పరాచికాలాడుతరు. గవన్ని నువ్వు ఇంటవు. ఇన్నంక నన్ను చూస్తవు." కాలి వేలితో చక్రం మీది మట్టి గీకాడు. "గా మొక్కలు కండ్ల ముందట పెరుగుతుంటె నేను చూడలేకపోదును."

 ఎర్రగుడ్డ కట్టిన నారును అన్న ఎందుకు పారేశాడో సుస్మిత చదివిన ఏ పాఠంలోనూ లేదు. జీను నిద్రపోయినందుకు మొక్క సిగ్గుపడదు. మనిషి సిగ్గుపడి ఇంటిల్లిపాదినీ నిద్రపుచ్చాడు.

గీత పెరటి వైపు నడిచింది. బోళ్లు తోమే నీళ్లు పారే కాలువ పక్క నుంచి ఏదో తెంపిన చప్పుడైంది. రెండు కంకులు పట్టుకుని తిరిగొచ్చి ఆడబిడ్డ చేతిలో పెట్టింది.

"మీ అన్న పారేసిన నారు ముడి పెంటకుప్ప మీద కనబడ్డది. ఎండిపోతున్నది. పాణమున్నదే గదా అని కొన్ని పోచలు తెచ్చి గా బురదల గుచ్చిన. ఏం నారో నాకెరుక లేకుండె. గిది నీ ఎర్రగుడ్డదేనా చూడు."

ఆలస్యంగా ఈనిన ఒక కంకికి ఇంకా పూత వేలాడుతోంది. సుస్మిత ఒక పువ్వు తెంపి గోటి మీద రుద్దింది. పసుపు పొడి రాలలేదు. తెల్లగా ముడుచుకుపోయిన తిత్తులు, లోపల శూన్యం. అదే. ఆమె పోగొట్టుకున్న నారే.

రెండో కంకిలో చాలా మటుకు పొల్లు. అక్కడక్కడ మాత్రం గింజ. గోటితో నొక్కితే పాలు వచ్చాయి. గోడవతల పొరుగు రాజయ్య మడి ఉంది. గాలికి అటునుంచి వచ్చిన పుప్పొడి. తాడు ఎవరూ లాగలేదు, ముహూర్తం ఎవరూ పెట్టలేదు.

"వదినా, ఇదే," అంది సుస్మిత.  "దీన్ని తీస్కపోతె మేడం నమ్ముతది. నువ్వు సోమవారం నాతోని అచ్చి నారు ఇంట్ల మార్చిండ్రని చెప్పు. చాలు. ఎందుకు మార్చిండ్రో చెప్పే అక్కర లేదు."

"నీకు అక్కర లేదు సుస్మిత," అంది గీత. "నాకున్నది."

"వదినా, అన్న ఇజ్జత్..."

"నా ఇజ్జత్ ఇన్నేండ్లు ఎవలి దగ్గర పెట్టిండ్రు?"

సుస్మిత తలదించుకుంది. తన పేరు నిలబడటానికి సగం నిజం చాలు. ఆ మిగిలిన సగంలో వదిన బతుకు మొత్తం ఉంది. పొద్దుటి నుంచీ మోసపోయింది తనొక్కతే అనుకుంది. ఇప్పుడు సగం నిజంతో సర్దుకుపొమ్మని అడుగుతున్నది కూడా తనే.

ఫోన్ మోగింది.

కంచం పక్కన, కంకుల మధ్య, సంధ్యారాణి మేడం పేరు వెలుగుతోంది. సుస్మిత లోపలికి వచ్చి చెయ్యి చాచేలోగా గీత అందుకుని, స్పీకర్ పెట్టింది.

"సుస్మితా, జవాబు ఉందా?"

"మేడం, నేను సుస్మిత వదినను. నారు సుస్మిత కలుపలే. మా ఇంట్ల మార్చిండ్రు. ఆ పిల్లకు తెల్వది."

మేడం వెంటనే అడిగింది. "ఎవరు మార్చారమ్మా?"

గీత మొగుడి వైపు చూసింది. కిష్టవ్వ సగం లేచి, "నేనే అని చెప్త, ఇటియ్యి," అని చెయ్యి చాచింది. జలపతి ఆ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. పొద్దుటి నుంచీ ఆయన చేసిన మొదటి పని అది.

"నేను," అన్నాడు సతీశ్ ఆటో దగ్గరి నుంచి.

"దగ్గరికచ్చి చెప్పు. మేడంకు ఇనబడది."

వాకిలంత దూరం నడవటానికి అతనికి చాలాసేపు పట్టింది. వచ్చి, ఫోనుకు కొద్దిగా వంగాడు.

"నేనే మార్చిన మేడం. సుస్మిత అన్నను. నా చెల్లెకు ఏం తెల్వది. ఆ పిల్లను ఏమనకుండ్రి."

సుస్మిత ఊపిరి వదిలింది. ఆమె పేరు ఆ ఒక్క మాటతో గట్టెక్కింది. ఇక చాలు. ఫోన్ ఆపేద్దామని వేలు చాచింది. గీత ఫోనును ఆ వేలికి అందకుండా పక్కకు జరిపింది.

"మీరెందుకు మార్చారు?" అని అడిగింది మేడం.

సతీశ్ భార్య ముఖంలోకి చూశాడు. గీత ఫోనును అతని నోటి దగ్గరే పట్టుకుని నిలబడింది. 

"వింటున్నాను, చెప్పండి," అంది మేడం.